టీపాట్‌లో పుట్టిన బీరు, పారబోసిన పది బ్యాచ్‌లు

ముందే ఒక మాట చెప్పేస్తా. ఇది బీరు ఎలా చేయాలో నేర్పే వీడియో కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు తయారు చేస్తే నేరం. 21 ఏళ్లు నిండని వాళ్లు దీన్ని చరిత్ర పాఠంగానే వినండి. మిగతావాళ్లు కూడా అలాగే వినండి.

నా బీటెక్ రూమ్మేట్ ఒకడు ఇప్పుడు టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ ఇంట్లో బీరు చేసుకోవడం లీగల్. పోయినేడాది మొదటిసారి 5 గ్యాలన్ల పేల్ ఏల్ చేశాడు, అంటే దాదాపు 19 లీటర్లు. వీకెండ్‌కి మనవాళ్లని పిలిచి పోశాడు. అందరూ "కేక మామా, సూపర్" అన్నారు. పార్టీ అయ్యాక చూస్తే గ్లాసులన్నీ సగం సగం నిండుగానే ఉన్నాయి. మర్నాడు ఎదురింటి పెద్దాయనకి ఒక సీసా ఇస్తే, రెండు గుక్కలు తాగి, పాప్‌కార్న్ మీద వేసే వెన్న వాసన వస్తోందన్నాడట. ఆ రాత్రి మావాడు నాకు ఫోన్ చేసి గంటసేపు ఆయన్ని తిట్టాడు.

మావాడి సంగతి తర్వాత చెప్తా. ఈ బాధ 200 ఏళ్ల కింద నుంచీ ఉంది, పైగా మన దేశంతో ముడిపడి ఉంది. ముందు అది చూద్దాం.

పేల్ ఏల్ అంటే ఏంటి? బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్. పాతకాలంలో కట్టెల మంట మీద ఆరబెట్టేవాళ్లు కాబట్టి ఎక్కువగా నల్లగా, పొగ వాసనతో ఉండేది. కోక్ బొగ్గు వచ్చాక సన్నటి వేడి మీద ఆరబెట్టడం కుదిరింది. మాల్ట్ రంగు తేలికైంది, బీరు రంగూ తేలికైంది. 'పేల్' అంటే అదే. చేదుకీ వాసనకీ హాప్స్ అనే పువ్వులు వేస్తారు. పులియబెట్టడానికి ఈస్ట్. కల్లు పులిసేది కూడా ఈస్ట్ వల్లే.

1820ల దాకా కలకత్తా, మద్రాసుల్లోని ఇంగ్లీషువాళ్లకి లండన్ నుంచి హాడ్జ్‌సన్ కంపెనీ పేల్ ఏల్ వచ్చేది. ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి, నెలల తరబడి ప్రయాణం. హాడ్జ్‌సన్ వాళ్లు ఓడ కెప్టెన్లకి ఏడాది, ఏడాదిన్నర అప్పు ఇచ్చి వ్యాపారం పెంచుకున్నారు. తర్వాత లాభమంతా మాకే రావాలని ఆ అప్పు ఆపేసి, ఎగుమతి తామే చేయబోయారు. ఈస్టిండియా కంపెనీ జనాలకి మండింది.

అదే సమయంలో బర్టన్ అనే ఊళ్లో శామ్యూల్ ఆల్సప్ పరిస్థితి ఘోరంగా ఉంది. ఆయన బీరు రష్యాకి పోయేది. 1822లో రష్యా సుంకాలు పెంచేసరికి మార్కెట్ మూతపడింది. ఆ ఏడాదే ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ మార్జొరీబ్యాంక్స్ (స్పెల్లింగ్ ఇలా ఉంది గానీ వాళ్లు పలికేది 'మార్చ్‌బ్యాంక్స్' అని) ఆల్సప్‌ని భోజనానికి పిలిచి, హాడ్జ్‌సన్ బీరు సీసా ముందు పెట్టి, ఇలాంటిది చేయగలవా అని అడిగాడట. ఆల్సప్ ఆ బీరు తన దగ్గర పనిచేసే జాబ్ గుడ్‌హెడ్‌కి రుచి చూపించాడు. గుడ్‌హెడ్ శాంపిల్ ఎందులో చేశాడో తెలుసా? టీ కాచుకునే టీపాట్‌లో! ఈ కథ కాస్త సాగదీశారేమో, వ్యాపారుల కథలు అలాగే ఉంటాయి. కానీ నాకు నచ్చింది ఏంటంటే, పెద్ద డేగిసా ఎక్కించి డబ్బు తగలేయకుండా ముందు టీపాట్‌లో చేసి చూశాడు. మేం ఆఫీసులో ప్రోటోటైప్ అనేది ఇదే.

1823లో మొదటి సరుకు ఓడెక్కింది. ఇక ఆల్సప్ చేయగలిగింది ఏమీ లేదు, ఎదురు చూడటమే. బీరు ఇక్కడికి రావడానికి నెలలు, బాగుందో లేదో చెప్పే ఉత్తరం అక్కడికి వెళ్లడానికి మళ్లీ నెలలు. చివరికి కలకత్తా నుంచి వచ్చిన ఉత్తరాలు హాడ్జ్‌సన్ దానికంటే ఇదే మేలన్నాయి. అలా ఎందుకైంది? చాలావరకు నీళ్ల వల్ల. బర్టన్ బావుల్లో జిప్సం ఎక్కువ. అనంతపురంలో వేరుశనగ చేలకి వేస్తారే, అదే జిప్సం. దానివల్ల హాప్స్ చేదు నాలుక మీద జిడ్డుగా ఉండిపోకుండా శుభ్రంగా తెగుతుంది. ఈ కెమిస్ట్రీ అప్పట్లో ఆల్సప్‌కి తెలీదు. తాగినవాళ్ల నాలుకకి మాత్రం తెలిసింది.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. అక్కడ 1933లో మద్యనిషేధం ఎత్తేశారు గానీ, ఇంట్లో వైన్ చేసుకోడానికి ఇచ్చిన మినహాయింపు బీరుకి ఇవ్వలేదు. 1978 అక్టోబర్‌లో ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాక మార్పు మొదలైంది. ఒక్కో పెద్ద మనిషికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకంటే ఎక్కువో ఉంటే ఇంటికి 200. ఆ తర్వాత రాష్ట్రాలు తమ తమ చట్టాలు మార్చుకోవాలి. మిసిసిపీ, అలబామా 2013 దాకా లాగాయి!

కాలిఫోర్నియాలోని చికోలో కెన్ గ్రాస్‌మన్ అనే కుర్రాడు అప్పటికే, 1976లో, హోమ్‌బ్రూ సామాన్ల షాపు పెట్టాడు. తర్వాత పాల్ కమూసీతో కలిసి సియెర్రా నెవాడా కంపెనీ మొదలెట్టాడు. డబ్బుల్లేవు. పాల డెయిరీల పాత ట్యాంకులు కొని, తనే వెల్డింగ్ చేసుకుని ప్లాంట్ కట్టాడు. పెట్టింది అప్పు చేసిన డబ్బు, బంధువుల డబ్బు. 1980 నవంబర్‌లో తయారీ మొదలైంది. పేల్ ఏల్ కోసం కాస్కేడ్ అనే హాప్స్ తీసుకున్నాడు. 1972లో ఓరెగాన్‌లో ప్రభుత్వ పరిశోధన నుంచి బయటికొచ్చిన రకం అది, కాస్త దబ్బపండు తొక్క లాంటి వాసన.

బీరు బాగానే వచ్చింది, తాగొచ్చు. కానీ ఒక బ్యాచ్ ఉన్నట్టు ఇంకోటి లేదు. గ్రాస్‌మన్ ఏం చేశాడు? పారబోశాడు. ఒకటీ రెండూ కాదు, పది బ్యాచ్‌ల దాకా. చేతిలో రూపాయి లేనప్పుడు, అమ్మితే కొనేవాళ్లు ఉన్నప్పుడు! నేనైతే "వెర్షన్ వన్ ఇలాగే ఉంటుంది" అని రిలీజ్ చేసేసేవాణ్ణి, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత కుదిరిన పేల్ ఏల్ అమెరికాలో చిన్న బ్రూవరీలన్నిటికీ కొలబద్ద అయింది.

అంత పెద్ద నాలుక అందరికీ ఉండదు కదా. అందుకే 1985లో అక్కడి హోమ్‌బ్రూయర్లు జడ్జిలకి పరీక్ష పెట్టి, 50 మార్కుల షీట్ వాడటం మొదలెట్టారు. ఇప్పటి షీట్‌లో వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో ఎలా ఉందో దానికి 5, మొత్తమ్మీద 10. చూపుకి మూడంటే మూడే, ఇన్‌స్టా వాళ్లు గమనించాలి. ఇందులో 'సూపర్' అని రాస్తే కుదరదు. లోపానికి పేరు పెట్టాలి. పచ్చి యాపిల్ వాసనా, తడి అట్టముక్క వాసనా, ఉడికిన మొక్కజొన్న వాసనా? ఒక్కో పేరు వెనక ఒక్కో కారణం ఉంటుంది. బగ్ రిపోర్ట్‌లో "పని చేయట్లేదు" అని రాసేవాళ్లకీ, ఏ బటన్ నొక్కితే ఆగిందో రాసేవాళ్లకీ ఉన్నంత తేడా.

ఎదురింటి పెద్దాయన చెప్పిన వెన్న వాసన సరిగ్గా అలాంటిదే. దాని పేరు డయాసిటైల్. పులిసేటప్పుడు ఈస్ట్ వల్లే అది తయారవుతుంది. ఇంకొన్ని రోజులు వెచ్చగా వదిలేస్తే ఆ ఈస్టే దాన్ని మళ్లీ తినేస్తుంది. మావాడు పార్టీ టైముకి అందాలని ఆ రోజులు ఆగకుండా సీసాల్లో నింపేశాడు.

రెండోసారి ఆగాడు. వెన్న వాసన పోయింది. ఈసారి పెద్దాయన చేదు గొంతులో గరుకుగా ఉందన్నాడు. మూడోసారి మావాడు హాప్స్ తగ్గించి, నీళ్లలో కొంచెం జిప్సం కలిపాడు. ఆయన గ్లాసు ఖాళీ చేసి, ఏమీ అనకుండా మళ్లీ ముందుకి జరిపాడట. ఆ రాత్రి కూడా నాకు గంటసేపు ఫోన్.