చిన్న వ్యాపారులకు సైబర్ భద్రత: పాటించవలసిన ముఖ్య జాగ్రత్తలు

విజయవాడ వన్‌టౌన్‌లోని టోకు దుకాణం మొదలుకొని పల్లెలోని కిరాణా కొట్టు వరకు నేడు లావాదేవీలు సెల్‌ఫోన్ల ద్వారా సాగుతున్నాయి. 2016లో యూపీఐ విధానం ప్రారంభమైన తరువాత క్యూఆర్ కోడ్ లేని దుకాణం అరుదైపోయింది. రాత్రివేళ గల్లాపెట్టెకు తాళం వేయడం మరువని వ్యాపారి సైతం ఫోను భద్రత విషయంలో అంతటి శ్రద్ధ వహించడం లేదు. పెద్ద సంస్థలకు ఉండే సాంకేతిక సిబ్బంది చిన్న వ్యాపారికి ఉండరు. పెట్టుబడి సొమ్ము ఒక్కసారి పోతే మరునాడు సరుకు తేవడమే కష్టమవుతుంది. అయితే, ఈ మోసాలలో అనేకం ఖర్చులేని అలవాట్లతో నివారించదగినవే.

చెల్లింపుల వద్ద

సొమ్ము స్వీకరించడానికి పిన్ అవసరం లేదు. పిన్ నమోదు చేయడమంటే తమ ఖాతా నుంచి సొమ్ము పంపడమేనని వ్యాపారులు గుర్తించాలి. సైనికాధికారులమని చెప్పుకొని పెద్ద ఆర్డరు ఇచ్చి, అడ్వాన్సు పంపుతామంటూ కోడ్ స్కాన్ చేయించి సొమ్ము కాజేసిన సంఘటనలు దేశంలో పలుచోట్ల నమోదయ్యాయి.

కొనుగోలుదారు ఫోనులో కనిపించే 'చెల్లింపు పూర్తయింది' అనే సందేశాన్ని నకిలీ యాప్‌తో సృష్టించవచ్చు. కనుక తమ సౌండ్‌బాక్స్ ప్రకటననో, ఖాతా వివరాలనో చూసుకున్న పిదపే సరుకు అప్పగించాలి. దుకాణం తెరవగానే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి తమ పేరే వస్తున్నదో లేదో పరిశీలించాలి. అసలు కోడ్‌పై వేరొకరి కోడ్ అంటించే మోసం దీనితో బయటపడుతుంది.

సరుకు సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందని సందేశం వస్తే, పాత నంబరుకు ఫోను చేసి నిర్ధారించుకున్న తరువాతే సొమ్ము పంపాలి.

ఫోను, పాస్‌వర్డ్‌లు

బ్యాంకు కేవైసీ, వాహన చలానా, పెళ్లి శుభలేఖ పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవరాదు. అటువంటి యాప్‌లు ఫోనులోకి చేరితే ఓటీపీ సందేశాలను నేరగాళ్లు చదవగలుగుతారు. అపరిచితుల మాట విని స్క్రీన్ షేరింగ్ యాప్‌లను వేసుకోరాదు.

దుకాణం ఈ-మెయిల్ పరుల చేతికి చిక్కితే దానితో ముడిపడిన ఇతర ఖాతాల పాస్‌వర్డ్‌లను కూడా మార్చివేయగలరు. అందువల్ల దానికి ప్రత్యేక పాస్‌వర్డ్‌తో పాటు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. గుమాస్తా పని మానిన రోజే అతనికి తెలిసిన పాస్‌వర్డ్‌లన్నీ మార్చాలి.

కంప్యూటర్‌లో లెక్కలు

2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ పలు దేశాలలో కంప్యూటర్లను స్తంభింపజేసి, ఫైళ్లు తిరిగి ఇచ్చేందుకు సొమ్ము డిమాండ్ చేసింది. దానిని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసినప్పటికీ, వేసుకోనివారు నష్టపోయారు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లు వాడేవారు ఈ విషయం గమనించాలి.

బాకీలు, స్టాకు, జీఎస్టీ లెక్కల నకలును వారానికొకసారైనా వేరే హార్డ్‌డిస్క్‌లో భద్రపరచి, దానిని కంప్యూటర్ నుంచి విడదీసి ఉంచాలి. తగిలించే ఉంచితే వైరస్ ఆ నకలును కూడా పాడుచేస్తుంది.

మోసం జరిగితే

పోయిన సొమ్మును నేరగాళ్లు స్వల్ప వ్యవధిలోనే పలు ఖాతాలకు మళ్లిస్తారు. అందుచేత తక్షణమే 1930 నంబరుకు ఫోను చేసి, తమ బ్యాంకుకు కూడా తెలియజేయాలి. సొమ్ము చేతులు మారకముందే సమాచారం అందితే దానిని ఖాతాలోనే నిలిపివేసే అవకాశం ఉంటుంది. కేంద్ర హోం మంత్రిత్వ శాఖకు చెందిన జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. లావాదేవీ నంబరు, సందేశాలు, ఫోను నంబర్లను చెరిపివేయక సాక్ష్యంగా ఉంచాలి.

బజారులో పరువు పోతుందని వెనుకాడితే ఆ జాప్యం నేరగాళ్లకే మేలు చేస్తుంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66-డి సెక్షన్ ప్రకారం కంప్యూటర్, ఫోను వంటి సాధనాలతో మారుపేరున మోసగించినవారికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

ప్రతి వ్యాపారి 1930 నంబరును క్యూఆర్ కోడ్ పక్కనే రాసి ఉంచుకొని, ఈ జాగ్రత్తలను సిబ్బందికి కూడా తెలియజేయడం అవసరం.