విద్యుత్ నిరోధం, సామర్థ్యం: లెక్కింపు

విద్యుత్ పరికరం రెండు కొసల మధ్య వోల్టేజి, దానిలో ప్రవహించే కరెంటు తెలిస్తే ఆ పరికరం నిరోధాన్నీ, అది వినియోగించుకునే సామర్థ్యాన్నీ లెక్కించవచ్చు. వోల్టేజిని వోల్టులలో, కరెంటును ఆంపియర్లలో తీసుకుంటే నిరోధం ఓమ్‌లలో, సామర్థ్యం వాట్లలో వస్తాయి.

నిరోధం = వోల్టేజి ÷ కరెంటు
సామర్థ్యం = వోల్టేజి × కరెంటు

ఓమ్ నియమం: ఉష్ణోగ్రత మారనంతవరకు లోహ వాహకంలో కరెంటు వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుంది. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గియోర్గ్ సైమన్ ఓమ్ 1827లో ఒక గ్రంథంలో దీన్ని వివరించాడు. నిరోధపు ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు.

ఉదాహరణ: 230 వోల్టుల సరఫరాపై ఒక నీటి హీటరు 5 ఆంపియర్లు తీసుకుంటే, దాని నిరోధం 46 ఓమ్‌లు, సామర్థ్యం 1,150 వాట్లు. గంటసేపు పనిచేస్తే 1.15 యూనిట్లు ఖర్చవుతాయి. వోల్టేజి 200కు పడిపోతే, నిరోధం మారదనుకుంటే, కరెంటు సుమారు 4.35 ఆంపియర్లకు, సామర్థ్యం సుమారు 870 వాట్లకు తగ్గుతాయి. నిరోధం స్థిరంగా ఉన్నప్పుడు సామర్థ్యం వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అందుకే వోల్టేజి 13 శాతం తగ్గితే సామర్థ్యం దాదాపు 24 శాతం తగ్గింది. లో వోల్టేజిలో నీళ్లు ఆలస్యంగా కాగడానికి కారణం ఇదే.

పరిమితులు: ఫిలమెంటు బల్బు వెలిగి వేడెక్కినప్పుడు దాని నిరోధం చల్లగా ఉన్నప్పటికంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. డయోడ్లు ఓమ్ నియమాన్ని పాటించవు. ఏసీ మోటార్ల విషయంలో వోల్టేజి, కరెంటుల లబ్ధాన్ని పవర్ ఫ్యాక్టరుతో కూడా గుణిస్తేనే అసలు సామర్థ్యం తెలుస్తుంది.