పడమటి కిటికీ బయట

‘షట్టరు’ అనే మాటకు మన పట్టణాలలో ఇంగ్లీషువాడు ఊహించని అర్థం ఒకటి స్థిరపడింది. “రోడ్డువైపు మూడు షట్టర్లు కట్టించాను” అని ఒకాయన చెబితే, వినేవాడికి మూడు దుకాణపు గదులు, వాటిమీద వచ్చే అద్దె కళ్ళకు కడతాయి. తలుపు పేరు గదికి చేరిపోయింది. అందుకే కాబోలు, ఇంటి కిటికీకి చుట్టుడు షట్టరు పెట్టిద్దామంటే మన పెద్దలు ముఖం చిట్లిస్తారు. ఇల్లు కొట్టులా కనబడుతుందన్నది వారి అభ్యంతరం. ఆ అభ్యంతరాన్ని కాసేపు అలా ఉంచి, కిటికీకి బయట తెర కట్టడమనే పని మనకు ఎంత పాతదో, అది మధ్యలో ఎందుకు తప్పిపోయిందో చూద్దామని ఈ వ్యాసం.

నూజివీడు ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. మేకా వారి జమీందారీకి ముఖ్యస్థానమైన ఈ ఊరు చాలాకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. డెల్టా కాలువల పచ్చదనం ఇక్కడికి రాదు. ఇది మెట్ట. ఎర్రనేల, మామిడితోటలు, చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి. కాయ పక్వానికొచ్చే ఏప్రిల్, మే, జూన్ నెలలే మనిషి ఉడికిపోయే నెలలు కూడాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెతను ఇక్కడివారికి విడమరచి చెప్పనక్కరలేదు. పడమటినుండి వచ్చే వడగాలి పొడిగా, పెళుసుగా ఉంటుంది. ఈ పొడిదనాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో ముందు పని ఉంది.

పాత ఇల్లు ఈ ఎండను ఎదుర్కొన్న తీరు చూడండి. మందమైన గోడ, కిందికి దిగిన చూరు, దాని నీడన వసారా, లోపల మండువా. కిటికీలు చిన్నవి, వాటికి ఇనుప ఊచలు, చెక్క రెక్కలు. అద్దం మాటే లేదు. గవాక్షమంటే ఆవు కన్నని వ్యుత్పత్తి చెబుతారు. ఆ పేరులోనే దాని పరిమాణం తెలుస్తోంది. ఎండ గోడను తాకడానికి ముందు చూరును దాటాలి, వసారాను దాటాలి, ఆపైన వసారా అంచున వేలాడే వెదురు తడికనో తాటాకు దడినో దాటాలి. వేసవికి ముందు తడికలు కట్టడం, వానలు పడ్డాక విప్పి అటకమీద పెట్టడం సంక్రాంతికి సున్నం వేసినంత మామూలు పని.

కలిగినవారి ఇళ్ళలో వట్టివేళ్ళ తడికలు ఉండేవి. వాటిమీద నీళ్ళు చల్లుతూ ఉంటే వడగాలి వాటిగుండా వచ్చి చల్లబడేది, పైగా పరిమళం. 1886లో యూల్, బర్నెల్ పండితులు కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఈ తడికకు ‘టాటీ’ అనీ, వెదురు తెరకు ‘చిక్’ అనీ ఆరోపాలున్నాయి. పరాయి దొరలకు ఇవి లేకుండా వేసవి గడవలేదన్నమాట. ‘వెటివేర్’ అని ప్రపంచమంతా పిలిచే మాట కూడా తమిళుల వెట్టివేరే. అయితే నీరు ఆవిరి కావాలంటే గాలి పొడిగా ఉండాలి. మచిలీపట్నపు ఉప్పుగాలిలో అంతగా పనిచేయని తడిక, నూజివీడు మెట్టలో చక్కగా పనిచేస్తుంది. ఒక ఊరికి నప్పిన తెర మరో ఊరికి నప్పకపోవచ్చునని దీనివల్ల తెలుస్తోంది.

ఐరోపావారు వచ్చాక చెక్క బద్దలను ఏటవాలుగా పేర్చిన కిటికీ రెక్కలు బంగళాలకు ఎక్కాయి. యానాంలోనో పుదుచ్చేరిలోనో పాత ఫ్రెంచి ఇళ్ళను చూసినవారికి అవి పరిచితమే. ఈ తెరల పేర్ల కథ మహా తమాషా. ఇంగ్లీషువాడు ‘వెనీషియన్’ అంటాడు, అంటే వెనిస్ నగరానిదట. ఫ్రెంచివాడు ‘పెర్సియెన్’ అంటాడు, స్పెయిన్‌వాడు ‘పెర్సియానా’ అంటాడు, అంటే పారశీకులదట. ఫ్రెంచిలో ‘జలూజీ’ అని ఇంకో పేరు. దానికి అసూయ అని అర్థం, ఇంట్లో ఆడవారిని పరుల కంటబడనీయని మగవాడి అసూయ! ఎవరికివారు దీన్ని ఇంకెవరి సొమ్ముగానో చెప్పుకున్నారు తప్ప నాదని అన్నవాడు లేడు.

ఇక చుట్టుడు షట్టరు. సన్నని బద్దలను పట్టీతో కలిపి, కిటికీ నెత్తిన ఉన్న పెట్టెలోకి చుట్టేసే ఈ పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపాలో వ్యాపించింది. లండన్ దుకాణాలకు ఇనుపవి, ఇళ్ళకు చెక్కవి. జర్మనీ, స్పెయిన్, ఇటలీ ఇళ్ళకు ఇప్పుడు ఇవి మన కిటికీ ఊచలంత సహజం. మనకు మాత్రం దుకాణపు మార్గానే వచ్చాయి. అంతకుముందు కొట్లకు నిలువు చెక్కపలకలు ఉండేవి. వాటిమీద వరుస అంకెలు. పొద్దున్నే ఒక్కొక్కటే గాడిలోంచి లాగి గోడకు చేరవేసేవారు, రాత్రికి అదే వరుసలో మళ్ళీ పేర్చేవారు. ఉక్కు షట్టరు వచ్చి ఆ పలకలను సాగనంపింది. అలా మన మనసులో షట్టరంటే దొంగకు అడ్డం. ఎండకు అడ్డమన్న ఆలోచన దానితోపాటు రాలేదు.

ఈలోగా ఇల్లే మారిపోయింది. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, ఆ తరువాతి దశాబ్దాలలో పెంకుటిళ్ళూ ఒక్కొక్కటే పోయాయి. శ్లాబు వేసిన డాబా వచ్చింది. స్థలం ఖరీదైపోయి వసారా కుదించుకుపోయింది. చూరు పోయి, కిటికీ నెత్తిన రెండడుగుల సన్‌షేడు మిగిలింది. కిటికీ పెద్దదైంది, దానికి అద్దం వచ్చింది. బయట ఉండవలసిన తెర లోపలికి వచ్చి పూలపూల కర్టెనైంది. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే జరిగింది.

కారణం సులభమే. ఎండ అద్దంగుండా లోపలికి వస్తుంది. లోపలి కర్టెన్ ఆ ఎండను తాగి తాను వేడెక్కుతుంది. వేడెక్కిన గుడ్డనుండి వెలువడే ఉష్ణాన్ని అద్దం తిరిగి బయటికి పోనివ్వదు. కర్టెన్ వేసుకుని చీకటి చేసుకున్నామన్న తృప్తే తప్ప వేడి గదిలోనే ఉంది. అదే తెర అద్దానికి బయట ఉంటే, తాగిన వేడిలో చాలాభాగం బయటిగాలికే పోతుంది. తడిక కట్టిన ముసలమ్మకు ఈ సూత్రం ఎవరూ బోధించలేదు.

ఇది ఒట్టి సౌఖ్యం మాట కాదు. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. 2015 మేలో విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లోనే మళ్ళీ వెయ్యికి పైబడ్డారు. ఎండలో కూలికి వెళ్ళినవారిని ఏ షట్టరూ కాపాడదు. కానీ ఇంటిపట్టున ఉండే వృద్ధులకు, మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయినప్పుడు, గది ఎంత వేడిగా ఉన్నదన్నదే ప్రశ్న.

అలాగని ప్రతి కిటికీకీ షట్టరు కొనమని నేననను. నూజివీడు సుమారు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటివారంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. అప్పటినుండి ఆగస్టు మొదటివారం దాకా ఆయన రోజంతా ఉత్తరపు వైపునే నడుస్తాడు. దక్షిణపు కిటికీమీద నేరుగా ఎండే పడదు. దక్షిణానికి ముందు షట్టరు పెట్టమనే సలహా ఐరోపా పుస్తకాలది, అక్కడి ఆకాశానికి సరిపోతుంది. మనకు సన్‌షేడు కిందినుండి దూరే సాయంత్రపు వాలుటెండే శత్రువు. కాబట్టి డబ్బు ఒక్క కిటికీకే ఉంటే అది పడమటిది; ఆ తరువాత తూర్పుది. అంతకన్నా ముందు డాబామీద తెల్లసున్నం. పగలంతా కాగిన శ్లాబు రాత్రంతా కుమ్మరించే వేడిని కిటికీ షట్టరు ఆపలేదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది.

రంగు లేతదిగా ఉండాలి. ముదురు గోధుమరంగు అందంగానే ఉంటుంది, ఎండనూ అంతే ఇష్టంగా తాగుతుంది. దుకాణపు ఒంటిరేకు ఉక్కు ఇంటికి వద్దు. కాగిన పెనమే అది. లోపల నురుగు నింపిన అల్యూమినియం బద్దలు తేలిక, వేడినీ తక్కువ పంపుతాయి. మామిడి జల్లులకు ముందు వచ్చే ఈదురుగాలికి కాయలు రాలడం ఎరిగినవారు, పక్క గాడులు ఎంత లోతున్నాయో, గోడకు ఎంత గట్టిగా బిగించారో తప్పక అడుగుతారు. మామూలు షట్టరు తుఫాను షట్టరు కాదు; 1977 నవంబరులో దివిసీమను చూసిన జిల్లావారికి ఆ తేడా చెప్పాలా?

అన్నిటికన్నా ముఖ్యం గాలి. తోటలవాళ్ళు కాయను మాగవేసేటప్పుడు గడ్డి పరచి, గదిని మూసి, వేడిని లోపలే నిలుపుతారు. పగలూ రాత్రీ షట్టరు దించి ఉంచిన పడకగది అచ్చంగా అదే, కాయ స్థానంలో మనిషి ఉంటాడంతే. పగలు దించాలి, చీకటి పడి బయట చల్లబడ్డాక పూర్తిగా ఎత్తాలి. అందుకు షట్టరుకూ కిటికీకీ నడుమ దోమల జాలీకి చోటుండాలి. మోటారు పెట్టించుకున్నా చేతితో తిప్పే పిడి ఉండితీరాలి. కరెంటు లేనప్పుడు పైకి లేవని షట్టరు వెనక, నిప్పు అంటుకున్న రోజున ఎవరూ చిక్కుకోకూడదు.

కొత్తగా ఇల్లు కట్టేవారికి ఇంకొక్క మాట. చుట్ట ఉండే పెట్టెకు కిటికీ నెత్తిన జానెడు చోటు కావాలి. లింటెలు పోయకముందే మేస్త్రీకి చెబితే అది గోడలో కలిసిపోతుంది. పోసిన తరువాత చెబితే సన్‌షేడు కింద పెట్టె పొడుచుకొచ్చి, పెద్దలు భయపడినట్టే ఇల్లు కొట్టులా కనబడుతుంది.