మూడు గుడ్ల కోసం ఐదు వారాలు

పెంగ్విన్ అనగానే నల్లకోటు తొడుక్కొని, పొట్ట ముందుకు పెట్టుకొని, తప్పటడుగులు వేసే ఒక వింతపక్షి మనకు జ్ఞాపకము వస్తుంది. బొమ్మలలో చూసి పిల్లలూ పెద్దలూ నవ్వుకొంటారు. కాని ఈ జాతులన్నింటిలోకి పెద్దదైన ఎంపరర్ పెంగ్విన్, అంటే చక్రవర్తి పెంగ్విన్, మరే పక్షికీ చేతకాని పని ఒకటి చేస్తున్నది. దక్షిణధ్రువ ఖండమైన అంటార్కిటికా అంచున, సూర్యుడు ముఖము చూపని నడిశీతకాలములో, గడ్డకట్టిన సముద్రము మీద నిలబడి గుడ్డు పొదుగుతున్నది. ఈ రహస్యము మానవునికి సులభముగా దొరకలేదు. దానికోసము ముగ్గురు మనుష్యులు ప్రాణములు పణము పెట్టిన కథ ఒకటి ఉన్నది. దానినే మనము ఇక్కడ చెప్పుకొందాము.

కెప్టెన్ స్కాట్ నాయకత్వమున 1901లో బయలుదేరిన 'డిస్కవరీ' ఓడవారు, 1902లో రాస్ ద్వీపపు తూర్పుకొనన ఉన్న కేప్ క్రోజియర్ అనే చోట ఎంపరర్ పక్షుల స్థావరమును మొదటిసారిగా కనుగొన్నారు. ఆ బృందములో ఎడ్వర్డ్ విల్సన్ అనే వైద్యుడు ఉన్నాడు. ఆయన చిత్రకారుడు కూడా, పక్షులంటే ప్రాణము. వసంతము వచ్చి మనుష్యులు కదలగలిగే నాటికే ఆ పక్షుల పాదముల మీద పిల్లలు ఉండటము చూసి ఆయన ఆశ్చర్యపోయినాడు. వెనక్కు లెక్క కట్టి చూస్తే గుడ్లు పెట్టే కాలము నడిశీతకాలమని తేలినది. మనకు తొలకరి పడే జూన్, జూలై నెలలే అక్కడ నడిశీతకాలము. ఆ చీకటిలో, ఆ చలిలో గుడ్డు పెట్టే పక్షి ఉంటుందని అంతకుముందు ఎవరు ఊహించగలరు?

విల్సన్‌కు ఆ గుడ్లు కావలసివచ్చినవి. కారణము ఆనాటి శాస్త్రములో ఉన్నది. గుడ్డులో పెరిగే పిండము తన పూర్వుల రూపములను వరుసగా దాటుతూ వస్తుందని జర్మన్ శాస్త్రవేత్త హెకెల్ ప్రచారము చేసిన సిద్ధాంతము అప్పుడు బలముగా ఉన్నది. ఎగరలేని పెంగ్విన్ పక్షులలోకెల్లా ఆదిమమైనదని ఒక నమ్మకము. ఈ రెండింటినీ కలిపితే, ఎంపరర్ పిండమును చూసినవారికి సరీసృపముల పొలుసులు పక్షి ఈకలుగా మారిన చరిత్ర కంటికి కనిపించవలెను. అయితే గుడ్డు తాజాగా దొరకవలెను. తాజాగా దొరకవలెనంటే నడిశీతకాలములో వెళ్ళవలెను.

1911 జూన్ 27వ తేదీన, స్కాట్ రెండవ యాత్ర శిబిరమైన కేప్ ఎవాన్స్ నుంచి ముగ్గురు బయలుదేరినారు. విల్సన్ నాయకుడు. రెండవవాడు బవర్స్, రాయల్ ఇండియన్ మెరైన్ అనే భారత నౌకాదళములో ఉద్యోగి, ఇరావతీ నదిమీద పడవ నడిపి ఉక్కపోత ఎరిగినవాడు. మూడవవాడు చెర్రీ గారార్డ్. వయస్సు ఇరవై అయిదు, చూపు ఆనదు. ఆ చలిలో కళ్ళజోడు పెట్టుకొంటే ఊపిరి గడ్డకట్టి అద్దము మూసుకొనిపోతుంది. కాబట్టి అతడు సగము గుడ్డివాడై నడిచినాడు.

దూరము సుమారు నూరు కిలోమీటర్లు. పోవటానికి పందొమ్మిది రోజులు పట్టినది. మూడువందల కిలోలకు పైగా సామాను రెండు స్లెడ్జిలమీద కట్టి, గుర్రములూ కుక్కలూ లేకుండా తామే లాగినారు. ఆ చలికి మంచు ఇసుకవలె గరుకెక్కుతుంది. దానిమీద జారుడు ఉండదు. రెండు స్లెడ్జిలూ ఒకేసారి కదలక, ఒకదానిని కొంతదూరము లాగి, వెనక్కు నడిచి రెండవది తెచ్చుకొన్నారు. ఒక మైలు సాగటానికి మూడు మైళ్ళు నడక. వెనుకటి అడుగుజాడలు వెతకటానికి కొవ్వొత్తి పట్టుకొని తిరిగిన రోజులున్నవి.

జూలై 6న ఉష్ణమానము సెంటిగ్రేడులో సున్నకు దిగువ 60 డిగ్రీలు దాటినది. ఒకనాటి ఉదయము గుడారము నుంచి వెలుపలికి వచ్చి తల ఎత్తి చుట్టూ చూసిన చెర్రీ గారార్డ్ మళ్ళీ తల దించలేకపోయినాడు. పదిహేను క్షణములలో బట్టలు కొయ్యవలె బిగుసుకొన్నవి. నాలుగు గంటలపాటు తల పైకెత్తుకొనే బండి లాగినాడు. వణుకుకు పళ్ళు పగిలినవి. ఊపిరీ చెమటా నిద్రసంచిలో గడ్డకట్టి, ఎనిమిది కిలోల సంచి తిరిగి వచ్చేసరికి ఇరవై కిలోలు తూగినది. ఇంతలోనూ వారు ఒక పరీక్ష మానలేదు. విల్సన్ వెన్న ఎక్కువగా, బవర్స్ ఎండుమాంసపు ముద్ద ఎక్కువగా, చెర్రీ గారార్డ్ బిస్కట్లు ఎక్కువగా తిని, చలికి ఏ ఆహారము నిలుస్తుందో తమ శరీరములమీదనే చూసుకొన్నారు. బిస్కట్లు తిన్నవానికి కొవ్వుకోసము ఆకలి తీరలేదు. పెంగ్విన్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అది చర్మము క్రింద కొవ్వు నింపుకొనే శీతకాలములోకి అడుగుపెడుతుంది.

కేప్ క్రోజియర్ చేరి, కొండవాలుమీద రాళ్ళు పేర్చి గోడలు కట్టి, పైన గుడ్డకప్పు వేసుకొన్నారు. జూలై 20న, మధ్యాహ్నపు మసకవెలుగులో, మంచుగుట్టల సందులలో పాకి సముద్రపు మంచుమీదికి దిగినారు. వేలలో పక్షులు ఉంటాయనుకొన్నచోట నూరే ఉన్నవి. మనుష్యులను చూసి కొన్ని పక్షులు గుడ్లు విడిచి కదలగా, గుడ్డు లేని పక్షులు వాటిని ఎత్తుకోవటానికి తోసుకొని వచ్చినవి. గుడ్డు ఆకారములోని మంచుగడ్డలను పాదములమీద పెట్టుకొని పొదుగుతున్న పక్షులు కూడా కనిపించినవి. సంతానము మీది ఆ ఆరాటము చదివినప్పుడు ఈ ఒక్క దృశ్యమే ప్రయాణపు ఖర్చుకు చాలునని మనకు అనిపిస్తుంది.

అయిదు గుడ్లు దొరికినవి. వాలు ఎక్కి వచ్చేటప్పుడు చెర్రీ గారార్డ్ చేతితొడుగులలో రెండు పగిలినవి. మిగిలినవి మూడు.

జూలై 22న తుపాను లేచినది. మొదట గుడారము ఎగిరిపోయినది. గుడారము లేకుండా తిరుగుప్రయాణము అంటే చావే. మరునాడు, విల్సన్ ముప్పైతొమ్మిదవ పుట్టినరోజున, రాతిగూటిమీది కప్పు పేలికలైపోయినది. ముగ్గురూ సంచులలో దూరి, తమమీద మంచు కప్పుకొనిపోతూ ఉండగా పాటలు పాడుకొంటూ పడుకొన్నారు. దాదాపు రెండు రోజులు తిండి లేదు. గాలి తగ్గినాక బవర్స్ వాలు దిగిపోయి, అరమైలు దూరములో గుడారమును వెతికి పట్టినాడు. అది చిరగలేదు. దానివల్లనే ఆగస్టు 1న ముగ్గురూ శిబిరమునకు ప్రాణములతో చేరినారు.

విల్సన్, బవర్స్ తరువాత స్కాట్‌తో ధ్రువమునకు వెళ్ళి, 1912 మార్చి చివర తిరుగుదారిలో గుడారములోనే మరణించినారు. కాబట్టి గుడ్లను లండను నగరములోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు 1913లో తీసుకొనిపోయినవాడు చెర్రీ గారార్డ్ ఒక్కడే. రసీదు కోసము అక్కడ తనను ఎంతసేపు కూర్చోబెట్టినారో, 1922లో వెలువడిన తన యాత్రాగ్రంథములో చేదుగా రాసుకొన్నాడు. గుడ్ల పరిశీలన చేతులు మారి, 1934లో నివేదిక వచ్చినది. పెంగ్విన్ పిండమును గురించిన జ్ఞానమునకు ఇవి పెద్దగా చేర్చినది లేదని దాని సారాంశము. అప్పటికే హెకెల్ సిద్ధాంతమును శాస్త్రజ్ఞులు విడిచిపెట్టినారు. పెంగ్విన్ ఆదిమపక్షి కూడా కాదు. ఎగిరే పక్షుల వంశములోనిదే. సముద్రమునకు అలవాటుపడి రెక్కను తెడ్డుగా మార్చుకొన్నది. న్యూజీలండులో దొరికిన సుమారు ఆరు కోట్ల సంవత్సరముల నాటి శిలాజములే అప్పటికే ఎగరటము మానిన పెంగ్విన్‌లవి.

అంత మాత్రాన ఆ యాత్ర వ్యర్థమని అనటము మాకు ఇష్టము లేదు. గుడ్లు జవాబు చెప్పలేదు. కాని ప్రశ్న మిగిలినది. ఆ ముగ్గురు చావుకు సిద్ధపడి పడుకొన్న గాలిలోనే, కొండ దిగువన ఆ పక్షులు గుడ్లతో నిలబడి ఉన్నవి. ఎట్లా నిలబడినవి?

దీనికి సమాధానము పక్షుల పక్కన శీతకాలము గడిపినవారు తెచ్చినారు. 1949లో డయోన్ దీవులలో బ్రిటిషు జీవశాస్త్రజ్ఞుడు స్టోన్‌హౌస్, 1952లో అడేలీ తీరాన ప్రెవో మొదలైన ఫ్రెంచివారు ఈ పక్షుల సంసారమును దగ్గర నుంచి గమనించినారు. ఆడపక్షి ఒకే గుడ్డు పెట్టి, దానిని మగపక్షి పాదములమీదికి దొర్లించి సముద్రమునకు వెళ్ళిపోతుంది. ఈ అప్పగింతలో గుడ్డు మంచుమీద పడి కొద్ది నిమిషములు ఉన్నదా, ఇక అది పనికిరాదు. మగపక్షి పొట్టక్రింది చర్మపు మడత గుడ్డుమీద కప్పి సుమారు 65 రోజులు పొదుగుతుంది. జత కట్టటానికి వచ్చిన నాటినుంచి లెక్కిస్తే దాదాపు నాలుగు నెలల ఉపవాసము. నలభై కిలోల వరకు ఉన్న బరువులో నూటికి నలభైపాళ్ళు తరిగిపోతుంది. తల్లి రాకముందే పిల్ల బయటికి వస్తే, తండ్రి తన అన్నవాహిక నుంచి పాలవంటి ద్రవము తీసి కొన్నిరోజులు సాకుతుంది.

గుడ్డు పాదములమీద ఉండటములోనే అసలు కిటుకు ఉన్నది. తక్కిన పెంగ్విన్‌లలో చాలావాటికి గూడు ఉన్నది. గూడు ఉన్నచోట హద్దు, హద్దు ఉన్నచోట తగాదా. ఎంపరర్‌కు గూడు లేదు కాబట్టి పొరుగుపక్షితో పోరు లేదు. వందలు, వేలు ఒకదాని నొకటి ఒరుసుకొని గుంపు కడతవి. ఆ గుంపు నిలిచి ఉన్నట్టే కనిపిస్తుంది కాని, అరనిమిషమునకో నిమిషమునకో అంగుళాల కొద్దీ చిన్న అడుగు ఒకటి అలవలె గుంపంతా పాకుతుంది. లోపలిపక్షులూ అంచుపక్షులూ మెల్లగా తావులు మార్చుకొంటవి. వెలుపల ప్రాణము తీసే చలి ఉండగా గుంపు నడుమ వేడి ఒక్కొక్కప్పుడు 37 డిగ్రీలకు పెరుగుతుంది. అది మన వేసవి మధ్యాహ్నమే! శరీరమూ అందుకు తగినదే. ఈకల క్రింద దట్టమైన నూగు ఉన్నది. కాళ్ళకు దిగే వెచ్చని రక్తము, పైకి వచ్చే చల్లని రక్తమునకు దారిలోనే వేడిని ఇచ్చివేస్తుంది. అందువల్ల పాదము మంచుమీద ఉన్నా ఒంటివేడి నేల పాలు కాదు.

సముద్రమునకు వెళ్ళిన ఆడపక్షి సంగతి వేరు. నేలమీద నవ్వించిన నడక నీటిలో ఎగరటముగా మారుతుంది. గుల్లకాని బరువైన ఎముకలు మునగటానికి సాయము. కండరములలో ప్రాణవాయువు నిలవ చేసుకొని, గుండె కొట్టుకొనే వేగము తగ్గించుకొని, అయిదువందల మీటర్ల లోతు దాటి మునిగిన పక్షులున్నవి. అరగంట మించి నీటిలో ఉన్న పక్షిని కూడా పరికరములు నమోదు చేసినవి. పైకి వచ్చేటప్పుడు ఈకలలో పట్టి ఉంచిన గాలిని సన్నని బుడగలుగా విడుస్తుంది. ఆ బుడగలపొర నీటి ఒరిపిడిని తగ్గించగా బాణమువలె మంచుగట్టు మీదికి ఎగసి పడుతుంది.

చలిని గెలిచిన ఈ పక్షికి ఇప్పటి కష్టము చలి కాదు. సముద్రపు మంచే దాని ఇల్లు. పిల్లకు నీటికి ఆగే ఈకలు వచ్చేదాకా, అంటే డిసెంబరు దాకా, ఆ మంచు కరగకుండా ఉండవలెను. స్టోన్‌హౌస్ గమనించిన డయోన్ దీవుల గుంపు ఏటేటా సన్నగిల్లి, 2009లో ఒక్క పక్షి కూడా లేకపోయినది. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రమున మంచు ముందే విరగటముతో అయిదు స్థావరములలో నాలుగింట పిల్లలు దక్కలేదు. కేప్ క్రోజియర్ గుంపుకు కూడా 2001లో ఒక మహాహిమఖండము వచ్చి తగిలినందువల్ల సంతానము పోయినది. ఆ తరువాత అది తిరిగి కోలుకొన్నది. విల్సన్, బవర్స్, చెర్రీ గారార్డ్ పేర్చిన రాతిగూటి శిథిలములు ఆ కొండవాలు మీద ఇంకా ఉన్నవి.