స్థలము మారిన దేవాలయములు

లోకమందలి వింతలను గూర్చి మాటలాడునప్పుడు మనవారి చూపు సాధారణముగా దూరదేశములమీదికి పోవును. ఈజిప్టు దేశమున నైలునదికి ఆనకట్ట కట్టినప్పుడు, కొండలో తొలిచిన అబూసింబెల్ ఆలయములను 1964 మొదలు 1968 వఱకు రంపములతో ముక్కలుగా కోసి, సుమారు 65 మీటర్ల యెత్తునకు చేర్చి తిరిగి నిలిపిన వృత్తాంతమును చదివి ఆశ్చర్యపడినవారు మనలో ననేకులు గలరు. గద్వాల సీమలోని అలంపురమున అటువంటి కార్యమే జరిగినదని మాత్రము మన యిండ్లలో చెప్పుకొనువారు తక్కువ. ఆ కార్యమెట్లు జరిగినదో, దానినుండి మనము నేర్చుకొనవలసినదేమో ఈ వ్యాసమున విచారింతుము.

అలంపురము తుంగభద్ర యెడమ యొడ్డున నున్న పురాతన క్షేత్రము. అందలి నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల కాలమున, క్రీస్తుశకము 7, 8 శతాబ్దములలో వెలసినవి. యాత్రికులు వానిని చూచి, జోగులాంబను దర్శించి, ఊరి వెలుపలనున్న సంగమేశ్వరాలయమునకు పోవుదురు. ఎత్తైన పీఠముమీద, చుట్టును ప్రాకారముతో, వంపు దేఱిన శిఖరముతో నొప్పు ఆ గుడి అక్కడనే పుట్టినదని తలంపని వాడుండడు. కాని అది దాదాపు పదుమూడు వందల యేండ్లు అక్కడ లేదు. కొన్ని క్రోసుల దూరమున, తుంగభద్ర కృష్ణలో కలియు కూడవెల్లి యందు ఉండెను. సంగమమున నుండుటచేతనే దానికి సంగమేశ్వరమను పేరు వచ్చినది. నేడు పేరు మిగిలినది. సంగమము మాత్రము దాని చెంత లేదు.

అది తన చోటు విడువవలసి వచ్చుటకు కారణము శ్రీశైలము ఆనకట్ట. 1963 జూలై 24వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసిరి. జలాశయము నిండుమట్టము సముద్రమట్టమునకు 885 అడుగులు. అంతయెత్తున నీరు నిలిచినచో, అది నల్లమల కనుమలలోనే యాగక కృష్ణ వెంటను తుంగభద్ర వెంటను వెనుకకు ప్రాకి, పల్లపు భూములనెల్ల ముంచును. ఏ రేవులయొడ్డున పూర్వులు గుళ్లు కట్టిరో, ఏ యొండ్రునేలలలో ఊళ్లు వెలసెనో, అవియే ముందుగా మునుగును. కావున కూడవెల్లి గుడిని నీటికి విడుచుటయా, లేక మఱియొక చోటికి తీసికొనిపోవుటయా యను ప్రశ్న పుట్టెను. పురావస్తుశాఖవారు రెండవ మార్గమునే యవలంబించిరి.

గుడిని కదలించుట యెట్లు సాధ్యమని పాఠకులు అడుగవచ్చును. ఇందలి రహస్యము సగము నేటి శాస్త్రమునందును, సగము ప్రాచీన శిల్పుల పనియందును గలదు. ఇటుకను సున్నముతో కలిపి కట్టిన గోడను విప్పినచో అది మట్టిగా రాలును గాని గోడగా మరల రాదు. మన పాత రాతిగుళ్ల నిర్మాణము వేఱు. అందు రాయి రాతిమీద తన బరువుచేతనే నిలుచును. మొగములను నునుపుగా చెక్కి, ఒకదాని గాడిలో నింకొకదాని కొనను కూర్చి, సందు లేకుండ చేర్చెదరు. స్తంభము దూలమును మోయును, దూలము కప్పురాతిని మోయును. ఇట్లు కట్టినదానిని కట్టిన క్రమమునకు ఎదురుక్రమమున విప్పవచ్చును. అబూసింబెల్ ఆలయము కొండతో నేకశిలయగుటచేత రంపము తప్పినది కాదు; ఇచ్చట రంపముతో పనియే లేదు.

అయినను విప్పుట సులభమని తలంపరాదు. ముందుగా గుడిని అన్ని వైపులనుండి ఛాయాచిత్రములు తీసి, కొలతలతో పటములు వ్రాయవలెను. పిమ్మట ప్రతి రాతిమీదను ఒక గుర్తు వేయవలెను. అది యే దిక్కు గోడలోనిది, క్రిందినుండి యెన్నవ వరుసలోనిది, ఆ వరుసలో నెన్నవదియను విషయము ఆ గుర్తునుబట్టి తెలియవలెను. అటుపైని శిఖరము కొననుండి యారంభించి ఒక్కొక్క రాతిని దింపి, క్రొత్త చోట నేలమీద వరుస తప్పకుండ పఱచవలెను. అక్కడి నేల యెంత బరువు మోయునో పరీక్షించి పునాది వేసి, దిక్కు తప్పకుండ అడుగు వరుసనుండి మరల పేర్చుకొనుచు రావలెను. ఒక వరుసలో వెండ్రుకవాసి తేడా వచ్చినను, శిఖరము చేరునప్పటికి అది బెత్తెడగును. ఈ పనిలో దివ్యశక్తి యేమియు లేదు. ఓర్పు, కొలత, లెక్క యనునవి మూడే కలవు. ఇట్టి వింతలే మానవునకు గౌరవము తెచ్చునవని మా యభిప్రాయము.

ఈ విద్య మన దేశమునకు అప్పుడే వచ్చినదియును గాదు. నాగార్జునసాగరము కట్టునప్పుడు, 1954 నుండి 1960 వఱకు నాగార్జునకొండ లోయను త్రవ్వి, అచ్చటి ముఖ్యమైన కట్టడములు తొమ్మిదింటిని కొండమీద తిరిగి నిర్మించిరి. ఆ యనుభవము శ్రీశైలమునాటికి మనకు గలదు. అందుచేతనే అలంపురమునకు నైరృతి దిక్కుననుండిన పాపనాశి గుళ్లు, ఇరువదికి పైబడినవి, మెట్టకు చేరినవి. నాగరుకర్నూలు సీమలో కొల్లాపురము చెంతనున్న సోమశిల సోమేశ్వరాలయములును, జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయమును అట్లే స్థలము మారినవి. నవబ్రహ్మాలయములకు నీరు తగులకుండ నదివైపున కట్ట కట్టబడినది. ఆవలి యొడ్డున సంగమేశ్వరమను చోట విడువబడిన గుడి యొకటి మాత్రము ఏటేట వానకాలమున మునిగి, వేసవిలో నీరు తీసినప్పుడు బయటపడుచున్నది. కదలిన గుడియు కదలని గుడియు ఒకే జలాశయమునకు సాక్షులు.

అలంపుర చరిత్రను, అందలి శాసనములను లోకమునకు ఎఱుకపఱచుటకు ఆ యూరివారే యైన గడియారం రామకృష్ణశర్మగారు (1919–2006) జీవితమంతయు శ్రమించిరి. అట్టి పండితుల కృషివలన ఈ రాళ్ల విలువ ప్రభుత్వమునకును ప్రజలకును తెలిసినది. విలువ తెలిసినదానినే మనుష్యుడు కాపాడుకొనును.

ఇంతవఱకు చెప్పినది రాళ్ల సంగతి. ఇక మనుష్యుల సంగతి చెప్పకున్నచో ఈ చరిత్ర సగమే యగును. ఆ జలాశయమున నాటి మహబూబ్‌నగరు, కర్నూలు జిల్లాలలో నూఱు గ్రామములకు మించి మునిగినవి. లక్షకు పైబడిన జనులు నిలువనీడ కోల్పోయిరి. 1981 వేసవిలో అనేక గ్రామములయందు ఇండ్లను కూల్పించి జనులను బలవంతముగా లేవదీసిరి. గుడిలో ఏ రాతి పక్కన ఏ రాయి యుండెనో వ్రాసి పెట్టిన కాలమే యది. కాని ఊరిలో ఎవరి యింటి పక్కన ఎవరి యిల్లుండెనో, ఆ పొరుగు తిరిగి యే చోట నిలుపవలెనో శ్రద్ధతో చూచినవారు లేరు.

నాడు అమలులోనుండినది 1894 నాటి భూసేకరణ చట్టము. అది భూమికి వెల కట్టునే గాని, భూమిని పోగొట్టుకొనినవానికి మరల బ్రదుకు చూపవలెనని విధించలేదు. పట్టా గలవానికి కొంత పైకము దొరకెను. పట్టా లేని కూలివానికి, రైతునాశ్రయించి బ్రదుకు కుమ్మరికి, చాకలికి, ఒడ్డుననే జీవించు బెస్తవానికి ఏమి దొరకును? పైకము పురుషుని చేతికి వచ్చి కరగిపోయిన యింట స్త్రీకి ఏమి మిగులును? గ్రామమనగా గోడలు కావు. అదియును సున్నము లేని రాతికట్టడము వంటిదే. ఒకరి బరువు నొకరు మోయుటచేత నిలుచును. దానిని వరుస తెలియక విప్పినచో మరల కూడదు. 1986లో వెలువడిన 98వ సంఖ్యగల ప్రభుత్వోత్తరువు ముంపు కుటుంబములకు ఉద్యోగములు చూపుదుమని చెప్పెను. ఆ యాశతో ఏండ్లకేండ్లు కచేరీల చుట్టు తిరిగినవారు కొల్లాపుర ప్రాంతమున ననేకులు.

మేము ఆనకట్టలు వలదనువారము కాము. ఆ నీటివలన పుట్టిన విద్యుద్దీపము క్రిందనే మనము చదువుకొనుచున్నాము. గుళ్లను కాపాడుటకు చేసిన శ్రమ వ్యర్థమనియు ననము. అది మన జాతికి గర్వకారణము. రాతిపట్ల చూపిన శ్రద్ధ మనుష్యునిపట్ల చూపుట అసాధ్యము కాదనియే మేము చెప్పదలచినది. ఓర్పు, కొలత, లెక్క యను నా మూడు గుణములే ఇచ్చటను కావలెను. 2013 నాటి క్రొత్త చట్టము పునరావాసమును హక్కుగా నంగీకరించి, భూమి లేక దానిపై నాధారపడినవారిని కూడ లెక్కలోనికి తెచ్చినది. ఇది గొప్ప మార్పు. కాని చట్టము కాగితముమీది పటము వంటిది. పటమునుబట్టి రాళ్లు పేర్చువారు లేనిదే గుడి లేవదు.

ఈ ప్రశ్న గతించినది గాదు. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకమున నార్లాపురము, ఏదుల, వట్టెము జలాశయములు ఈ వనపర్తి, నాగరుకర్నూలు సీమలలోనే చేపట్టబడినవి. ఎండిన చేలకు నీరు రావలసినదే. నీరు వచ్చుటకు ముందు ఏ యిల్లు ఎవరిది, ఎవరి జీవనము ఎవరిమీద నాధారపడినది, ఎవరు వృద్ధులు, ఏ బాలిక బడి యెక్కడ అను వివరములు రాళ్లమీది గుర్తులవలె తప్పులేకుండ వ్రాయబడినవా యని అడుగుట విద్యావంతుల విధి.

పాఠకులు ఎప్పుడైన అలంపురమునకు పోయినప్పుడు తమ పిల్లలను సంగమేశ్వరాలయమునకు తీసికొనిపోయి, ఈ గుడి ఎక్కడినుండి యెట్లు వచ్చినదో చెప్పవలెనని కోరుచున్నాము. దానితోకూడ, ఆ గుడి చెంత నొకప్పుడు దీపము పెట్టిన కూడవెల్లివారు ఎక్కడికి పోయిరని పిల్లలు అడిగినచో, ఆ ప్రశ్నను త్రోసిపుచ్చక వారికి జవాబు చెప్పుదురుగాక.