బురదలో బండి, పైన హెలికాప్టర్

ఈ వారం అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మాట: కూరుకుపోవడం. బండి బురదలో దిగబడి కదలకపోతే అలా అంటారు. "అక్కా, హెలికాప్టరుతో లాగెయ్యొచ్చుగా?" అన్నాడు తమ్ముడు.

అంత తేలిక కాదు. వియత్నాం యుద్ధానికి అమెరికా సైన్యం 1965లో సీహెచ్-54 అనే పెద్ద హెలికాప్టర్లను తెచ్చింది. కింద వేలాడే బరువు కనిపించాలని వాటిలో ఒక పైలట్ సీటు వెనక్కి తిరిగి ఉంటుంది (నాకు ఇదే భలే నచ్చింది!). కూలిన విమానాలు, హెలికాప్టర్లు 380కి పైగా అవి మోసుకొచ్చాయి. కానీ ఎత్తగలిగేది సుమారు 9 టన్నులే. సైనికులు ఎక్కే ఎం-113 బండి 10 టన్నులు దాటుతుంది. పైగా బురద దాన్ని వదలదు. అందుకే మెకాంగ్ డెల్టా వరిపొలాల్లో కూరుకుపోయిన ఎం-113ని ఇంకో ఎం-113 ఇనుప తాడుతో లాగేది. ఒకటి చాలకపోతే ఇంకొన్నిటిని వరసగా కట్టేవారు.