పెరటిలోని ధూమశకటము

మా కోరుకొండకు రైలు లేదు. విజయనగరము చేరువను కోరుకొండ యను స్టేషను గలదు గాని అది మా యూరు గాదు. లక్ష్మీనరసింహస్వామి కొండకు రాదలచినవారు ఆ పేరు చూచి టిక్కెట్టు కొనవలదని మనవి. మాకు రైలెక్కవలెనన్న రాజమహేంద్రవరము పోవలసినదే. అట్టి యూర, మా పెరటిలో, చిన్న ధూమశకట మొకటి తిరుగుచున్నది. మూరెడు పొడవు. రాగి బాయిలరు, క్రింద స్పిరిటు దీపము, నిజమైన ఆవిరి.

పిల్లల యాటకాయ యని కొందరు నవ్వుదురు. కాని చరిత్రలో ఆటకాయయే ముందు పుట్టినది, బండి తరువాత వచ్చినది. విలియం మర్డాక్ 1784 ప్రాంతమున ఇంగ్లండులో కారన్వాల్ సీమయందు ఆవిరిచే నడచు చిన్న నమూనా బండిని చేసెను. ట్రెవితిక్ కూడ ముందు నమూనాలు చేసి చూచినవాడే. ఆయన యింజను 1804లో పట్టాలపై ఇనుమును లాగినది. అరువది యేండ్లు కాలేదు, 1854లో అమెరికా నౌకాధిపతి పెర్రీ జపానునకు కానుకగా నాలుగవవంతు కొలతల యింజను నొకదానిని తెచ్చి, గుండ్రని పట్టాలపై నడిపించెను. పెట్టె లోపల కూర్చుండ వీలులేక ఒక జపాను అధికారి దాని పైకప్పుపై నెక్కి తిరిగెనట! మరుసటి యేడు సాగా సంస్థానమువారు తామే యొక నమూనా చేసికొనిరి. 1872 నాటికి టోకియో నుండి యోకొహామాకు నిజమైన రైలే నడచినది. చూచి నవ్వి యూరకుండక, విప్పి చూచినవారి కది ఫలించినది.

మన గోదావరి తీరమున కథ వేరు. ఇచ్చట పట్టాలు ముందు వచ్చినవి, ప్రయాణికులు పిదప వచ్చిరి. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరపు ఆనకట్ట కట్టునపుడు కొండరాయిని పట్టాలమీద బండ్లతో నదికి చేర్చిరి. బొంబాయి-ఠాణా రైలు 1853 నాటిది గదా! విచిత్ర మేమన, ఆ కాటనుదొరయే పిమ్మట రైళ్ళకంటె కాలువలే మేలని వాదించెను. రైలు కాలువలను మించినది. కాలువలు మాత్రము నేటికిని మన కన్నము పెట్టుచున్నవి. ఎవరు గెలిచిరో మీరే చెప్పవలెను.

గోదావరిపై హేవ్‌లాకు వంతెన 1897లో ఆరంభమై 1900లో ముగిసినది. ఏబదియారు ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. దానిని మా పెరటికి దింపవలెనని నాకు కోరిక కలిగినది. అచ్చటనే చిక్కు వచ్చినది. నా పట్టాల నడుమ 45 మిల్లీమీటర్లు. అది సీమ రైళ్ళ కొలతను ముప్పదిరెండవ వంతు చేసిన లెక్క. మన పెద్దలైను వెడల్పు ఐదడుగుల ఆరంగుళములు. ఆ పట్టాలకు సరిపడవలెనన్న సుమారు ముప్పదియేడవ వంతుగా తగ్గింపవలెను. ఆ లెక్కను ఒక్క ఖానాయే నాలుగడుగులు దాటును, మొత్తము వంతెనకు రెండువందల అడుగులకు మించిన స్థలము కావలెను. మా పెరడు గోదావరి గాదు. రెండే ఖానాలు కట్టి తృప్తి పడితిని.

కొలతలు తగ్గింపవచ్చును గాని ఆవిరి స్వభావమును తగ్గింపలేము. బాయిలరును ముప్పదియేడవ వంతు చేసినచో లోపలి నీరు ఏబదివేలవ వంతుకు దిగును. పైరేకు వైశాల్యము మాత్రము సుమారు పదునాలుగువందల వంతుకే తగ్గును. అందుచే నీటి కొలదికి వేడి పోవు దారి మిక్కిలి హెచ్చు, నిలువ మిక్కిలి తక్కువ. ఒక యుగాదినాడు చుట్టములకు చూపు సంబరములో నీటిమట్టము చూడ మరచితిని. నీరింకి బాయిలరు ఎండి, అతుకు కరిగిపోయినది. అదృష్టవశమున ఎవరికి దెబ్బ తగులలేదు. ఆనాటినుండి వాననీరే పోయుచున్నాను. బోరునీటి ఉప్పు లోపల పెచ్చు గట్టును. అతుకు మరల వెండిటాకా పెట్టించిన పిమ్మట, మంట వెలిగింపక ముందే చన్నీటి ఒత్తిడితో పరీక్షించి చూచితిని.

మన దేశమున పెద్దలైనుపై ఆవిరి యింజను పరుగు 1995లో ముగిసినది. హేవ్‌లాకు వంతెనపై రైళ్ళు 1997లో నిలిచినవి. ఆవిరి యింజనులపై ఫైరుమనుగా పనిచేసిన వృద్ధు డొకడు మా బంధువుల వెంట ఒకనాడు మా యింటికి వచ్చెను. నేను దీపము వెలిగింపబోగా నా చేయి పట్టుకొని, "ముందు నీళ్ళు చూడండి బాబూ!" అనెను. అప్పటికి నేను నాకు జరిగినది చెప్పియే యుండలేదు. ఆవిరి పుట్టి, కవాటము బుసకొట్టగానే ఆయన కన్నులు మూసికొని వినెను. నాకు శబ్ద మొక్కటే వినబడినది. ఆయనకు ఎడమ సిలిండరులో ఆవిరి కారుచున్నదని వినబడినది. విప్పి చూడగా అది నిజమే. ఆ చెవి యే పుస్తకమునను లేదు. ఆయన కొడుకులలో నెవ్వరికిని రాలేదట.

మరమ్మతు చేసి బండి వదలితిని. అది మా రెండు ఖానాల వంతెన సమీపించుచుండగా ఆయన వంగి, వ్రేలు చూపి, "నెమ్మదండీ, వంతెనమీద నెమ్మది!" అని నన్ను హెచ్చరించెను.